తాగుడు మానాలనుకుంటే ఏఏ సమావేశం: నిజామాబాద్, బోధన్ విశ్వాసులకు

ఆల్కహాలిక్స్ అనానిమస్, వాడుకలో ఏఏ, తాగుడు మానినవారూ మానాలనుకునేవారూ కలిసి కూర్చునే సహవాసం. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు కలుసుకోవడంతో మొదలైంది. ఒకరు షేర్ మార్కెట్ మనిషి, మరొకరు సర్జన్. ఇద్దరూ తాగుడుకు బానిసలే. 1957లో మన దేశానికి వచ్చింది. చేరడానికి రుసుము లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలు.

"యేసు నామం పలకని చోటికి విశ్వాసి వెళ్లవచ్చా?" మన సంఘాల్లో ముందుగా వచ్చే ప్రశ్న ఇదే. ఏఏ ఏ మతానికీ చెందదు, నిజమే. దేవుణ్ణి ఎవరు ఎలా గ్రహిస్తే అలాగే పిలుచుకోమంటుంది. కానీ దాని పన్నెండు మెట్ల వెనుక ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమం, న్యూయార్క్‌లోని సామ్యూల్ షూమేకర్ అనే పాదిరి బోధ ఉన్నాయి. తొలి సభ్యులు ఎంతో ఇష్టంగా చదివినవాటిలో యాకోబు పత్రిక ఒకటి. తన బలహీనతను ఒప్పుకోవడం, తప్పులను మరొకరి ఎదుట చెప్పుకోవడం, నష్టపరచినవారితో సమాధానపడడం మనకు కొత్త సంగతులా? ప్రార్థన మానేసి సమావేశానికి వెళ్లమని ఎవరూ అడగడం లేదు. రెండూ కలిసి నడుస్తాయి.

అయితే మన ప్రాంతంలో సమావేశం కంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవారు చాలామంది ఉన్నారు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు; రెండో రోజు నుంచి నాలుగో రోజు వరకు ప్రాణాపాయం కూడా ఉంటుంది. కల్లు దుకాణానికి అలవాటుపడినవారిది మరో చిక్కు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు, నిజామాబాద్ జిల్లాలో ఎంతోమంది వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో ఆడవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఉపవాస ప్రార్థన పేరుతో మనిషిని గదిలో పెట్టి మాన్పించే ప్రయత్నం దయచేసి చేయకండి. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. తాగేది సారానా, కల్లా, రెండూనా అన్నది దాచకుండా చెప్పండి. మందు దానినిబట్టి మారుతుంది.

సమావేశం ఎలా వెతకాలి? స్థలాలు, వేళలు మారుతుంటాయి. ఎవరో పంపిన పాత వాట్సాప్ చీటీ నమ్ముకొని బయలుదేరవద్దు. ఏఏ భారత కేంద్ర కార్యాలయం ముంబయిలో ఉంది. దాని వెబ్‌సైట్‌లో ఊళ్లవారీగా సమావేశాలు, ఫోన్ నంబర్లు దొరుకుతాయి. ముందు ఫోన్ చేసి, "తెలుగులో జరుగుతుందా? ఓపెన్ సమావేశమా, క్లోజ్డ్ సమావేశమా?" అని అడగండి. ఓపెన్‌కు ఎవరైనా వెళ్లవచ్చు, క్లోజ్డ్ మానాలనుకునేవారికి మాత్రమే. కేంద్ర ప్రభుత్వ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416. రెండింటికీ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. దగ్గర్లో ఏమీ దొరకకపోతే ఫోన్‌లోనే చేరగలిగే ఆన్‌లైన్ సమావేశాలున్నాయి.

బోధన్‌లాంటి చోట అసలు భయం దూరం కాదు, కంటబడడం. చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినా శక్కర్‌నగర్‌లో ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఉండదు. అలాంటివారు బస్సెక్కి నిజామాబాద్ వెళ్లడమే మేలు. ఆ మాటకొస్తే వైన్స్ ముందు నిలబడినప్పుడు అందరూ చూడనే చూశారు! సమావేశంలో ఇంటిపేరు అడగరు, విన్నది బయట చెప్పకూడదన్నది అక్కడి కట్టుబాటు. మాట్లాడాలని బలవంతం లేదు. మొదటి రోజు ఊరికే కూర్చొని టీ తాగి రావచ్చు. ఒక్కసారికి నచ్చకపోతే మరికొన్నిసార్లు వెళ్లి చూడండి.

కాపరులకు ఒక మనవి. తాగుడు మాని పది రోజులు కాకముందే ఆ సహోదరుణ్ణి వేదికెక్కించి సాక్ష్యం చెప్పించకండి. మళ్లీ జారితే అతను సీసా కంటే ముందు సంఘాన్ని వదిలేస్తాడు. ప్రభురాత్రి భోజనంలో నిజమైన ద్రాక్షసారా వాడే సంఘాలు అతని కోసం ద్రాక్షరసం ఉంచాలి.

ఇంట్లో భార్యకూ తల్లికీ పిల్లలకూ వేరే సహవాసం ఉంది, పేరు అల్-అనాన్, 1951లో మొదలైంది. ఆయన సమావేశానికి రానని మొండికేసినా అమ్మగారు తన మట్టుకు తాను వెళ్లవచ్చు.

దగ్గర్లో సమావేశమే లేకపోతే? ఇద్దరితోనే మొదలైందని చూశాం కదా. మానాలనుకునే ఇద్దరు ముగ్గురు ఉంటే ముంబయి కార్యాలయానికి ఫోన్ చేసి, కొత్త గ్రూపు ఎలా పెట్టాలో అడగవచ్చు. సంఘం చేయగలిగింది వారంలో ఒక సాయంత్రం సండేస్కూలు గది ఇవ్వడం. గుమ్మం దగ్గర బ్యానరు కట్టకండి, కరపత్రాలు పంచకండి, ఎవరు వస్తున్నారో లెక్క రాయకండి. ఏఏ వాళ్లు బయటివారి విరాళాలు తీసుకోరు, తమ ఖర్చు తామే పెట్టుకుంటారు. అందుకే గదికి అద్దె ఇస్తామంటారు. వద్దనకుండా కొద్దిగానైనా తీసుకోండి.