సికింద్రాబాదు నుండి ఢిల్లీకి ఎంత దూరము?

సికింద్రాబాదు నుండి క్రొత్త ఢిల్లీకి రైలులో పోవు ప్రయాణికుడు సుమారు 1660 కిలోమీటర్లు పోవలెను. ఆకాశమార్గమున ఈ రెండు నగరముల నడిమి దూరము సుమారు 1250 కిలోమీటర్లు మాత్రమే. రైలుదారి కాజీపేట, నాగపూరు, భోపాలు, ఝాన్సీల మీదుగా వంపులు తిరుగుచు పోవును. విమానమునకు నదులు, కొండలు అడ్డురావు. అయితే ఆకాశములో మైలురాళ్ళు లేవు గదా! ఈ దూరము మనకు ఎట్లు తెలిసినది?

ఈ కథ 1802లో మదరాసు చెంత పరంగికొండ వద్ద ఆరంభమైనది. విలియం లాంబ్టన్ అను సైనికాధికారి అచ్చట 100 అడుగుల ఉక్కు గొలుసుతో సుమారు 12 కిలోమీటర్ల సరళరేఖను కొలిపించెను. త్రిభుజములో ఒక భుజము, దానిపైనున్న రెండు కోణములు తెలిసినచో తక్కిన భుజములను లెక్కించవచ్చునని విద్యార్థులెరుగుదురు. కావున ఆపై గొలుసుతో అంతగా పని లేకపోయెను. దాదాపు అరటన్ను బరువు గల థియోడలైటును కొండలపైకి, గోపురములపైకి ఎక్కించి కోణములను కొలుచుచు, త్రిభుజము ప్రక్కన త్రిభుజమును చేర్చుచు ఉత్తరమునకు సాగిరి. పొరపాటు పెరుగకుండుటకు నడుమ నడుమ క్రొత్త రేఖలను గొలుసుతో కొలిచి సరిచూచిరి. 1815లో బీదరు సమీపమున దామరగిద్ద వద్ద కొలిచినది అట్టిదే. కన్యాకుమారి నుండి హిమాలయ పాదము వరకు, 78వ రేఖాంశమునకు చేరువగా సాగిన ఈ త్రిభుజముల వరుసయే ‘మహాచాపము’.

ఈ కొలత సుఖముగా జరుగలేదు. లాంబ్టనుకు సహాయకుడైన జార్జి ఎవరెస్టు 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులలో పనిచేయుచుండగా వానకాలపు జ్వరము వ్యాపించెను. అనుచరులలో కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఎవరెస్టు ఆరోగ్యము చెడి 1820లో దక్షిణాఫ్రికాకు పోవలసివచ్చెను. 1823లో లాంబ్టన్ పనిమీద పోవుచు హింగన్‌ఘాటు వద్ద మరణించెను. అయినను ఎవరెస్టు తిరిగివచ్చి చాపమును పూర్తిచేసి 1843లో ఉద్యోగము విరమించెను. ఆ అడవిజ్వరము మలేరియాయని చెప్పుదురు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది ఈ సికింద్రాబాదులోనే.

మహాచాపము వలన మన దేశములో ఒక డిగ్రీ అక్షాంశము పొడవు నిశ్చయముగా తెలిసినది. మన ప్రాంతమున అది సుమారు 110.8 కిలోమీటర్లు. సికింద్రాబాదు అక్షాంశము 17°26′, క్రొత్త ఢిల్లీది 28°38′. భేదము 11.2 డిగ్రీలు, అనగా 1241 కిలోమీటర్లు. రేఖాంశముల భేదము 1.28 డిగ్రీలు; నడిమి అక్షాంశమున అది 131 కిలోమీటర్లు. ఈ రెంటిని లంబకోణ త్రిభుజపు భుజములుగా గైకొన్నచో కర్ణము 1248 కిలోమీటర్లు వచ్చును.

ఇక కాలము. 1946లో డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ బేగంపేట నుండి డకోటా విమానములను నడుప నారంభించెను. గంటకు 270 కిలోమీటర్ల వేగమున ఈ దూరమునకు నాలుగున్నర గంటలకు పైగా పట్టును. గంటకు 800 కిలోమీటర్లు పోవు జెట్ విమానమునకు గంటన్నర చాలును. కాని పైకి లేచుటకు, దిగుటకు, దారి మలుపులకు కాలము కావలెను. అందుచే నేటి ప్రయాణము రెండు గంటలు దాటును. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు బేగంపేట నుండి దక్షిణమున శంషాబాదుకు మారుటచే దూరము కొంచెము పెరిగినది.

విద్యార్థులు తమ ఊరి అక్షాంశ రేఖాంశములను అట్లాసులో చూచి, ఢిల్లీకి గల దూరమును ఈ రీతినే లెక్కించి చూడవచ్చును.