‘విల్ ది సర్కిల్ బి అన్‌బ్రోకెన్’: సంప్రదాయ ధ్వని స్వరూపం

1972లో మూడు ఎల్.పి. రికార్డులుగా వెలువడిన ‘విల్ ది సర్కిల్ బి అన్‌బ్రోకెన్’ ఆల్బమ్‌ను అమెరికన్ కంట్రీ సంగీతపు స్వచ్ఛరూపానికి నిదర్శనంగా పేర్కొనడం పరిపాటి. ఆ స్వచ్ఛత ఎలా రూపొందిందో పరిశీలిస్తే ఈ అభిప్రాయాన్ని కొంత సవరించుకోవలసి వస్తుంది.

కాలిఫోర్నియాకు చెందిన ‘నిటీ గ్రిటీ డర్ట్ బ్యాండ్’ యువకులు 1971 ఆగస్టులో నాష్‌విల్‌లోని ఒక స్టూడియోలో ముందుతరం కళాకారులను సమావేశపరిచారు. మేబెల్ కార్టర్, ఎర్ల్ స్క్రగ్స్, డాక్ వాట్సన్, మెర్ల్ ట్రావిస్ వచ్చారు. బ్లూగ్రాస్ పితామహుడు బిల్ మన్రో రాలేదు. అది వియత్నాం యుద్ధకాలం. జుట్టు పెంచుకున్న యువకులను నాష్‌విల్ పెద్దలు అనుమానంగా చూసేవారు. రాయ్ ఎకఫ్ సైతం అప్పటికే రికార్డయిన పాటలు విన్న తరువాతనే అంగీకరించాడు.

ఈ ఆల్బమ్ ఆకర్షణ ప్రధానంగా దాని ధ్వనిలో ఉంది. నాటి నాష్‌విల్ రికార్డులను ముంచెత్తిన వయొలిన్ బృందాలు, వెనుకపాట గుంపులు ఇందులో లేవు. అందరూ ఒకేచోట కూర్చుని వాయిస్తుండగా రెండు ట్రాకుల టేపు మీద నేరుగా ముద్రించారు. తరువాత అతుకులు వేయడానికి అవకాశం స్వల్పం. మేబెల్ బొటనవేలితో మంద్రతంత్రులపై రాగాన్ని పలికిస్తూ, చూపుడువేలితో పైతంత్రులను మీటి లయ నడుపుతుంది. గాయని, తోడు వాద్యగాడు అనే భేదం అక్కడ చెరిగిపోతుంది. పాటల నడుమ సంభాషణలను కూడా తొలగించలేదు. తన కుమారుడికి ట్రావిస్ పేరు పెట్టుకున్న వాట్సన్ అతనిని మొదటిసారి కలుసుకున్న సందర్భం రికార్డులోనే వినిపిస్తుంది. శ్రోతకు గదిలో తానూ ఉన్న అనుభూతి కలిగించేది ఈ మాటలే. అయితే వాటిని ఉంచాలన్నది నిర్మాత నిర్ణయమన్న సంగతి విస్మరింపరాదు.

శీర్షిక గీతం చరిత్ర కూడా ఇటువంటిదే. దాని మూలం 1907 నాటి అచ్చు క్రైస్తవ కీర్తన. 1935లో కార్టర్ కుటుంబం రికార్డు చేసిన పాఠంలో అది తల్లి అంత్యయాత్రను చూస్తున్న బిడ్డ శోకగీతమైంది. పల్లవి నిలిచింది, కథ మారింది. జానపద గేయాల పాఠాంతరాలతో పరిచయమున్నవారికి ఇది కొత్త కాదు. కాకపోతే ఇక్కడ అచ్చుప్రతి ముందు, ‘జానపదం’ తరువాత.

సంపుటిలోని చివరి అంశం పాత పాట కానే కాదు. 1960లలో జోనీ మిచెల్ రచించిన ‘బోత్ సైడ్స్ నౌ’ను ఎర్ల్ స్క్రగ్స్ కుమారుడు రాండీ ఒంటరిగా గిటారుపై వినిపిస్తాడు.