మన కాలువ గట్టు కథ

కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

పండగొస్తే చాలు, సిటీల నుంచి కార్లేసుకుని జనం కోనసీమ దిగుతారు. ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక, ఆత్రేయపురం, లొల్ల లాకులు చూసుకుని, రావులపాలెం, కొత్తపేట, అంబాజీపేట, పి.గన్నవరం, రాజోలు మీదుగా అంతర్వేది దాకా వెళ్తారు. దారిలో చాలాచోట్ల ఒకపక్క నిండు కాలువ, ఇంకోపక్క వరి చేలు, కొబ్బరి తోటలు. ఫోటోలు తీసుకుంటారు, పూతరేకులు కొనుక్కుంటారు, వెళ్లిపోతారు. వాళ్లని తప్పు పట్టాల్సిందేం లేదు. కానీ ఆ దారి ఎందుకు పుట్టిందో మనకైనా తెలియాలి కదా.

ఒకప్పుడు గోదావరి పక్కనే పారుతున్నా మన చేలకి వానే దిక్కు. 1833లో ఘోరమైన కరువు వచ్చింది. 1839లో తుపాను కోరంగి తీరాన్ని ఊడ్చేసింది. ఆ తర్వాత 1844లో కాటన్ దొర, ఇక్కడ ఆనకట్ట కడితే ఈ సీమ బతుకుతుందని సర్కారుకి రిపోర్టు రాశారు. 1847లో పని మొదలై 1852కల్లా పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. ఇసుక మీద ఆనకట్ట నిలబెట్టే పద్ధతిని ఆయన కావేరి మీద చోళుల కాలం నాటి కల్లణై చూసి నేర్చుకున్నారు. పని దగ్గర ఆయనకి కుడిభుజంగా నిలిచింది మన వీణం వీరన్న గారు. ఇప్పుడున్న బ్యారేజీ ఆ పాత ఆనకట్ట స్థానంలో 1970ల్లో మొదలై 1982కి పూర్తయింది.

ఆనకట్ట ఒక్కటీ కడితే చేలోకి నీళ్లు రావు. కాలువలు తవ్వాలి. తవ్విన మట్టిని రెండు పక్కలా పోశారు. అదే గట్టు. కాలువని మెరకలో నడిపించారు, అందుకే మోటారు అక్కర్లేకుండా నీళ్లు వాటంతటవే పల్లానికి దిగుతాయి. మురుగు కాలువలు పల్లంలో ఉంటాయి. నీళ్లు తెచ్చేది ఒకటి, దించేది ఇంకొకటి. రెండూ పనిచేస్తేనే పంట.

ఆ కాలువలే అప్పటి రోడ్లు కూడా. ధాన్యం, కొబ్బరికాయలు, మనుషులు అన్నీ పడవల మీదే. ఎదురు ప్రవాహంలో మనుషులు తాడు కట్టి, గట్టు మీద నడుస్తూ పడవని లాగేవారు. లాకులు కట్టింది ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి పడవ ఎక్కించి దించడానికే. లొల్ల దగ్గర కాలువ చీలి ఒకటి అమలాపురం వైపు, ఒకటి గన్నవరం వైపు వెళ్తుంది. పడవలు లాగినవాళ్లూ, గట్టు కాసిన లస్కర్లూ నడిచిన బాటే తర్వాత బండ్ల బాట అయింది, చాలాచోట్ల ఇప్పుడు తారు రోడ్డు.

గన్నవరంలో ఇంకో వింత. వైనతేయ పాయకి అవతల ఉన్న నగరం లంకకి నీళ్లివ్వాలంటే ఏరు అడ్డం. అందుకని 49 ఆర్చీలతో ఏటి మీదుగానే కాలువని దాటించారు. కింద గోదావరి, పైన కాలువ, ఆ కాలువలో పడవలు! 2000లో పక్కనే కొత్త అక్విడెక్టు వచ్చింది, దానికి అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఈసారి అటు వెళ్తే ఒక్క నిమిషం బండి ఆపి, ఆ పాత ఆర్చీలు మీ పిల్లలకి చూపించండి.

గట్టు విలువ 1986 ఆగస్టులో బాగా తెలిసొచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద. ఏటిగట్లు తెగి ఊళ్లు మునిగాయి. తర్వాతే గట్ల ఎత్తు పెంచారు. 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు, గుర్తుందిగా? గిట్టుబాటు ధర లేకపోవడం ఒక కారణమైతే, మురుగు దిగక చేలు మునగడం ఇంకో కారణం.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. గట్టు వార మట్టి తవ్వుకునేదీ, చెత్త పోసేదీ, మురుగు కాలువలోకి చేను జరుపుకునేదీ ఎవరు? టూరిస్టులు మాత్రం కాదు. గట్టు ఒక చోట కోతపడితే ముందు నష్టపోయేది శివారు రైతు. గుర్రపుడెక్క పేరుకుంటే ఎగువ చేను మునుగుతుంది, దిగువ చేను ఎండుతుంది.

అందుకని ఒక్క మాట. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు, మళ్లీ నీళ్లు వదలకముందే, మీ చేను ఉన్నంత మేర గట్టు మీద ఒకసారి నడవండి. ఎక్కడ కోతపడింది, ఏ తూము పూడింది, మురుగు ఎక్కడ ఆగింది చూసి, నలుగురూ కలిసి ఆఫీసులో కాగితం ఇవ్వండి. నీళ్లొచ్చాక చూస్తే ఏం కనపడదు.

మీ ఊరి గట్టు ఎలా ఉందో కింద రాయండి. శివారు వాళ్లు తప్పకుండా రాయండి.