పూరీ తీరపు నోలియాలు: ఈతను వృత్తిగా చేసుకొన్న తెలుగువారు

ప్రవాసాంధ్రుల చరిత్ర వ్రాయునప్పుడు వర్తకులను, కంట్రాక్టర్లను, పెద్ద ఉద్యోగులను ముందుగా పేర్కొనుట పరిపాటి. అందులో తప్పేమియు లేదు. కాని ఈ ఉగాది సంచికలో మేము వేరొక తరగతివారిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచినాము. నడుములోతు నీటిలో నిలిచి, తెల్లని మొనటోపీ పెట్టుకొని, ఊరుపేరు తెలియని యాత్రికుల ప్రాణములను కాచిన మన తెలుగువారు వీరు. లోకము వారిని పూరీ నోలియాలు అన్నది.

ఒడిశా తీరమున చేపలు పట్టి జీవించే తెలుగువారిని అక్కడి ప్రజలు నోలియాలని పిలుస్తారు. పూరీలో పెంఠకట అనే పల్లె వీరికి ముఖ్యస్థానము. వీరిలో వాడబలిజలు ఎక్కువ. పూర్వము వీరు ఉత్తరాంధ్ర తీరమునుండి చేపల కాలమునకు వచ్చి, అది ముగియగానే స్వగ్రామములకు మరలిపోయేవారు. క్రమముగా ఇక్కడనే ఇండ్లు వేసుకొని స్థిరపడినారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు గంజాం ప్రాంతము మద్రాసునుండి విడిపోయినది. పటముమీద గీత పడినది గాని కెరటమునకు గీత లేదు గదా! ఇంటిలో తెలుగు, బజారులో ఒడియా, స్నానమునకు వచ్చిన కలకత్తా బాబుతో బెంగాలీ — ఇట్లు మూడు భాషలతో వీరి బ్రతుకు సాగినది.

చేపలు పట్టేవానికి ఈత వచ్చుట సహజము. ఆ ఈత కూలి తెచ్చిపెట్టే వృత్తిగా ఎట్లు మారినదో తెలియవలెనన్న రైలు చరిత్ర కొంత చెప్పవలెను. మేము ఖుర్దారోడ్డు డివిజనులో గుమాస్తాలము గనుక, ఈ భాగము మాకు కొంత ఇష్టమైనది కూడ.

రైలు రాక పూర్వము జగన్నాథ దర్శనమునకు కాలినడకన, బండ్లమీద వచ్చేవారు. కొందరు కలకత్తానుండి ఓడలో బయలుదేరేవారు. 1887 మే నెలలో సర్ జాన్ లారెన్స్ అనే ఓడ తుపానులో చిక్కి మునిగిపోయినది. ఏడు వందలకు పైగా యాత్రికులు జలసమాధి అయినారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. ఆ తరువాత పదేండ్లకు, 1897 ఫిబ్రవరి 1న, ఖుర్దారోడ్డు–పూరీ రైలుమార్గము తెరచినారు. 1900లో రూపనారాయణ నదిమీద వంతెన పూర్తికాగా హౌరానుండి తిన్నగా రైలు వచ్చినది. 1902లో ఈ మార్గము బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చినది. 1925లో ఆ కంపెనీ పూరీ సముద్రతీరమున హోటలు పెట్టినది.

దీనితో ఒక క్రొత్త రకపు యాత్రికుడు పుట్టినాడు. పూర్వపు యాత్రికుడు స్వర్గద్వారమువద్ద మూడు మునకలు వేసి వెడలిపోయేవాడు. క్రొత్తవాడు ఆరోగ్యము కొరకు, వినోదము కొరకు వారము దినములు ఉండి, ప్రొద్దుటిపూట కెరటాలలో స్నానము చేయగోరినాడు. అతనికి ఈత రాదు. వచ్చినను చెరువులో నేర్చిన ఈత. బంగాళాఖాతము చెరువు కాదు. అతనికి చేయిపట్టి తీసుకొనిపోయే మనిషి కావలసి వచ్చినాడు. ఆ మనిషి తీరముమీదనే, వల బాగుచేసుకొంటూ కూర్చొని ఉన్నాడు.

నోలియా పని చూచుటకు తేలిక. యాత్రికుని మణికట్టు పట్టుకొని లోనికి నడిపిస్తాడు. కెరటమునకు ఎదురురొమ్ము ఇవ్వక ప్రక్కకు తిరిగి నిలువమంటాడు. చిన్నదానికి ఎగురుమంటాడు, పెద్దదానికి మునుగుమంటాడు, విరిగి వచ్చే నురుగులో కాళ్ళు ఇసుకలో దిగవేయుమంటాడు. తరువాత కాలములో గాలి నింపిన రబ్బరు ట్యూబు కూడ చేర్చినారు. పేములతో అల్లి తెల్లరంగు వేసిన మొనటోపీ, దానిమీద ఒక నంబరు — అవే అతని సర్టిఫికేటు, సైనుబోర్డు, యూనిఫారము. స్నానమునకు ఇంత అని కూలి. సంతోషించిన బాబు పైన ఇచ్చినది బక్షీసు.

అతని విద్య యావత్తు నీటిని చదువుటలో ఉన్నది. కెరటములు ఇసుక మేటమీద విరిగి ఒడ్డుకు తెచ్చిన నీరు తిరిగి లోనికి పోవలెను. మేటలో ఎక్కడ సందు ఉన్నదో అక్కడ ఆ నీరంతా చేరి, ఇరుకైన పాయగా సముద్రములోనికి ఉరుకుతుంది. అక్కడ కెరటము విరుగదు, నురుగు తక్కువ, పైకి ప్రశాంతముగా కనిపిస్తుంది. క్రొత్తవాడు అదియే మంచి రేవనుకొని దిగుతాడు. ఆ పాయ వేగము ఒక్కొక్కప్పుడు సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. నూరు మీటర్ల పందెములో ప్రపంచ విజేత ఈదే వేగము కూడ ఇంచుమించు అంతే. దానికి ఎదురీదినవాడు అలసి మునుగుతాడు. ఎదురీదక, తేలుతూ, ఒడ్డుకు సమాంతరముగా కొంతదూరము ప్రక్కకు ఈదినవాడు బయటపడతాడు. తెప్పమీద రోజూ కెరటము దాటేవానికి ఆ సందు ఎక్కడ ఉన్నదో తెలియును, ఎందుకనగా తెప్ప బయటికి పోవుటకు అతడు వెదకే దారియు అదియే. మనలను ముంచే దారి అతనికి రాజమార్గము!

ఇంత విద్య ఉండియు నోలియా వృత్తి ఏల పెరుగలేదు? ఇతర దేశములలో ఇదే పని ఎట్లు పెరిగినదో చూచిన కారణము తెలియును. ఇంగ్లండులో ప్రాణరక్షణ సంఘము 1891లో ఏర్పడి, పాఠములు వ్రాసి, పరీక్షలు పెట్టి, పతకములు ఇచ్చినది. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు బోండి తీరమున 1907లో రక్షకుల క్లబ్బు పుట్టినది. వారి కెరటము మన కెరటముకన్న గొప్పది కాదు. వారి ఈతగాడు మన నోలియాకన్న గట్టివాడును కాడు. వారు తమ విద్యను కాగితముమీద పెట్టినారు. మనవారి విద్య తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చినది, అక్కడనే ఆగినది.

కాగితము అన్నంత మాత్రమున చిన్నచూపు తగదు. మునిగినవానిని ఒడ్డుకు తెచ్చిన తరువాత ఏమి చేయవలెనన్న విషయములో శాస్త్రము ఎన్నో మారులు మారినది. బోర్ల పడుకోబెట్టి వీపు నొక్కే పద్ధతి 1903లోను, నొక్కి చేతులు ఎత్తే పద్ధతి 1932లోను వచ్చినవి. 1950ల చివర నోటిలో నోరుపెట్టి ఊపిరి ఊదుటయే మేలని తేలినది. 1960లో రొమ్ము నొక్కి రక్తము ఆడించే పద్ధతి ప్రకటితమైనది. ఈనాటి నియమము: మునిగినవానికి ముందుగా ఊపిరి ఊదవలెను, పిమ్మట 30 మారులు రొమ్ము నొక్కుట, 2 మారులు ఊదుట, నొక్కుడు నిమిషమునకు 100 నుండి 120, లోతు 5 సెంటీమీటర్లకు తగ్గరాదు. తలక్రిందులుగా పట్టి, పొట్ట నొక్కి నీరు కక్కించే పాత అలవాటు విలువైన నిమిషములను పోగొడుతుంది. ఈ సంగతి తాత చెప్పలేడు, తరగతియే చెప్పవలెను.

మన దేశములోను కాలము మారినది. 1961లో పటియాలాలో జాతీయ క్రీడాసంస్థ వెలసి, ఈత నేర్పువారికి కూడ డిప్లొమా ఇచ్చుచున్నది. గోవా ప్రభుత్వము 2008లో తన తీరముల కాపలాను ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించినది. 2020 అక్టోబరులో పూరీ గోల్డెన్ బీచికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినది. ఆ గుర్తింపు నిలువవలెనన్న శిక్షణ పొందిన రక్షకులు ఉండితీరవలెను. బెంగళూరులో, 2000 సిడ్నీ ఒలింపిక్సులో ఈదిన నిషా మిల్లెట్ అకాడమీ పెట్టి ఈత నేర్పుటను చక్కని వ్యాపారముగా నిలబెట్టినది. అనగా పని పెరిగినది, గౌరవము పెరిగినది. తీరమును తరతరములుగా ఎరిగినవాని బిడ్డకు అందులో ఏ స్థానము దొరుకును అన్నదే మా ప్రశ్న. టోపీ నంబరు ఇక చాలదు. 2019 మేలో ఫణి తుపాను పూరీని కొట్టినది. 2020లో భక్తులు లేకయే రథయాత్ర జరిగినది. యాత్రికుడు రాని దినమున కూలి లేని వృత్తికి ఇట్టి ఏండ్లు ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈత బడి పెట్టదలచిన కుర్రవానికి మా గుమాస్తా లెక్క ఒకటి చెప్పుచున్నాము. ఇవి ఉదాహరణకు వేసుకొన్న అంకెలు మాత్రమే. ఒక కొలను గంటల లెక్కన అద్దెకు తీసుకొన్నాడనుకొందాము. జట్టుకు 8 మంది పిల్లలు, రోజుకు 4 జట్లు, మొత్తము 32 మంది. తలకు నెలకు రూ. 1,500 చొప్పున రూ. 48,000. కొలను అద్దె 20,000, సహాయకుని జీతము 8,000, సామగ్రికి 2,000 పోగా మిగులు 18,000. వినుటకు బాగున్నది. కాని వానలు, చలి, పరీక్షల దినములు తీసివేయగా ఏటికి 8 నెలలే బడి నడచును. అప్పుడు ఏటికి 1,44,000; దానిని 12 నెలలకు పంచిన నెలకు 12,000 మాత్రమే. వేసవి ఆదాయము చూచి మురిసి అప్పు చేసినవాడు మునుగుతాడు. మిగిలిన నాలుగు నెలలు తీరముమీదనో, హోటలు కొలనుమీదనో రక్షకుని పని చేసినవాడు తేలుతాడు. ఈత నేర్పుట, ప్రాణము కాచుట రెండును ఒకే చేతిలో ఉన్ననే సంసారము నడచును. జట్టును ఎనిమిదికి మించనీయరాదు. తొమ్మిదవ పిల్లవాని ఫీజు కొరకు ఎనిమిదిమందిమీది చూపు చెదరరాదు. ఆడపిల్లలకు నేర్పే స్త్రీలు ఎక్కడ చూచినను తక్కువ. మన పల్లె ఆడపిల్లలకు ఇది మంచి అవకాశము.

ఇందులో సంఘము చేయదగినది ఏమి? ప్రతి సంవత్సరము పెంఠకటనుండి ఒక అబ్బాయికి, ఒక అమ్మాయికి రక్షకుల శిక్షణకు, ప్రథమ చికిత్స పరీక్షకు ఫీజు కట్టవచ్చును. దరఖాస్తులు నింపి పెట్టవచ్చును. మనలో ఫారములు నింపుట వచ్చినవారికి కరువు లేదు. వృద్ధులైన నోలియాలు నీటిని ఎట్లు చదువుతారో, ఏ గాలికి మేట ఎటు జరుగునో వారి మాటలలోనే తెలుగులో వ్రాసి ఉంచవచ్చును. అది రేపటి శిక్షకునికి పాఠ్యపుస్తకమగును.

2021లో ప్రపంచములో సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించినారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ సంవత్సరమే ఐక్యరాజ్యసమితి జులై 25ను మునక నివారణ దినముగా నిర్ణయించినది. లోకము ఇప్పుడు నేర్చుకొనబూనిన పనిని మనవారు తరతరములుగా, పేరు వ్రాయించుకొనక, చేసినారు. ఈ సంచికలోనైనను వారి పేరు వ్రాసి, వారి బిడ్డల చేతికి సర్టిఫికేటు అందించే పనికి ఈ ఉగాదినాడే చందా పుస్తకము తెరువవలెనని మా మనవి. పాఠకులందరికిని నూతన సంవత్సర శుభాకాంక్షలు.