పాత నౌక, కొత్త నౌక

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం వ్రాయమంటే నాకు రాజులెవరూ గుర్తు రాలేదు. అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో చూసిన ఒక టీవీ సీరియల్ గుర్తొచ్చింది. మిత్రులు మన్నించాలి.

దాని పేరు ‘బాటిల్‌స్టార్ గెలాక్టికా’. 1978లో ఏబీసీ సంస్థ మొదలుపెట్టి, ఖర్చెక్కువై మరుసటి ఏడాదే ఆపేసింది. మరమనుషుల దాడిలో సర్వం పోగా, మిగిలినవారు అంతరిక్ష నౌకల్లో భూమిని వెదుక్కుంటూ పోవడం కథ. అందులో అపోలో వేషం వేసిన రిచర్డ్ హాచ్ ఆ కథ కొనసాగాలని ఏళ్ల తరబడి తిరిగాడు. సొంత డబ్బు పెట్టి 1999లో ఒక ట్రైలర్ కూడా తీశాడు.

2003లో రొనాల్డ్ మూర్ కథను మొదటినుంచి తిరగవ్రాశాడు. స్టార్‌బక్ అనే మగ పైలట్ ఆడపిల్ల అయింది. అభిమానులు మండిపడ్డారు. పాత స్టార్‌బక్ డర్క్ బెనెడిక్ట్ దుయ్యబడుతూ వ్యాసమే వ్రాశాడు. హాచ్ కూడా మొదట వ్యతిరేకించి, తరువాత అందులోనే టామ్ జారెక్ అనే తిరుగుబాటుదారు పాత్ర వేశాడు.

పాతదాంట్లో మరమనుషులను చేసింది వేరే జాతి, కొత్తదాంట్లో మనుషులే. అందుకే ఇదే గొప్పదని మావాడి వాదన. అది ఒప్పుకున్నాను. నన్ను కట్టిపడేసింది మాత్రం ఆరంభం. గెలాక్టికా నౌకకు అది పదవీ విరమణ రోజు! దాని కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపలేదు గనుక శత్రువు ఎత్తు పారక, ఆ ముసలి నౌక బతికిపోయింది. ఆ ఘట్టానికి మా ఆవిడను కేకేసి మరీ పిలిచాను.

మా ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చినప్పుడు వద్దని సంతకం పెట్టినవాళ్లలో నేనొకణ్ణి. ఆరు నెలలకు దాని ముందే కూర్చుని జీతాల బిల్లులు చేశాను. తోటివాళ్లు కొందరు చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు. 2017లో పోయిన ఆ హాచ్‌ను నేను తప్పుపట్టలేను. స్టార్‌బక్ సంగతిలో మాత్రం ఇప్పటికీ పాతవాళ్ల పక్షమే. మా కోడలికి అది నచ్చదు.