కోటగుళ్లలో అర పూట: రాయి చెప్పేది, డోలి చెప్పేది

   

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల హాస్టల్ పిల్లలం కలిసి గణపురం కోటగుళ్లకు పోయి వచ్చినం. ఫొటోలు ఇప్పటికే గ్రూపుల పడ్డయి కాబట్టి ఈ పోస్టు ఫొటోల గురించి కాదు. తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఒక పంచాయితీ నడిచింది. మన సమ్మక్క మీదికి సైన్యం పంపిన రాజుల గుళ్లు మనం ఎందుకు చూడాలె అని కొందరు. రాళ్లు మోసింది కష్టజీవులే, గుడి మనది కాకుండా ఎట్ల పోతది అని కొందరు. రెండు వైపులా కోపం ఉంది, రెండు వైపులా కొంత నిజం ఉంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నం. ఓపికగా చదవండి.

ముందు జాగ సంగతి. గణపురం భూపాలపల్లి జిల్లాలో మండల కేంద్రం. ఘన్‌పూర్ అని కూడా రాస్తరు. జనగామ జిల్లాలోని స్టేషన్ ఘన్‌పూర్ వేరు, ఇది వేరు. రామప్ప గుడి ఉన్న పాలంపేట ఇక్కడికి దాదాపు పది కిలోమీటర్లు. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు రెండూ ఒక్క జిల్లాలోనే ఉండె. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరే జిల్లా అయినంక రామప్ప అటు పోయింది, కోటగుళ్లు ఇటు ఉండిపోయినయి. 2021 జూలై 25న యునెస్కో రామప్పను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పటి నుంచి బస్సులన్నీ రామప్ప దగ్గర ఆగుతున్నయి. కోటగుళ్ల దాకా వచ్చేది తక్కువ మంది.

కోటగుళ్లు అంటే ఒక్క గుడి కాదు. రాతి ప్రహరీ లోపల పెద్దవీ చిన్నవీ కలిపి ఇరవైకి పైగా గుళ్లు ఉన్నయి. నడుమ ఉన్న పెద్ద శివాలయం గణపేశ్వరాలయం, తూర్పు ముఖం. దక్షిణం వైపు ఉన్నదాన్ని అరవై స్తంభాల మండపం అంటరు. చిన్న గుళ్లు చాలా వరకు పడిపోయినయి. పెద్ద గుడి కప్పు కింద స్తంభాలకు ఆనించిన బొమ్మలు మాత్రం చూడాల్సిందే. ఉత్తరం వైపు ఇద్దరు మదనికలు. ఇంకోచోట సగం మనిషి, సగం సింహం ఏనుగు మీద సవారీ. మరోచోట గుర్రం తల ఉన్న సింహం, అది కూడా ఏనుగు మీదనే. రామప్పలో మూడు వాకిళ్ల దగ్గర పన్నెండు మదనికలు నల్లరాతిలో నిగనిగలాడుతుంటయి. ఇక్కడివి అరిగినయి, విరిగినయి. కానీ పనితనం ఒక్క బడిదే అని చూడంగనే తెలుస్తది.

కాలం కూడా ఒక్కటే. కాకతీయ గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలిండు. ఆయన కింద ఈ దిక్కంతా రేచర్ల సామంతుల చేతుల ఉండె. రామప్ప గుడి శాసనం 1213 నాటిది, కట్టించినవాడు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. గణపురం గుళ్లు, గణపురం చెరువు కూడా ఆ 13వ శతాబ్దం పనే. చెరువు పేరు గణపసముద్రం. గుడి పేరు, చెరువు పేరు, ఊరి పేరు మూడింట్లో ఒక్క మాటే ఉంది. మన పోస్టు అసలు సంగతి ఇక్కడి నుంచే మొదలైతది.

గుడి చూసి వెనక్కి రాకండి, చెరువు కట్ట ఎక్కండి. కాకతీయుల పద్ధతిలో ఊరు, గుడి, చెరువు మూడూ కలిసి పుట్టినయి. గుట్టల నడుమ వాగు దిగే చోట మట్టి కట్ట పోసి, రాతి తూము పెట్టి, మత్తడి దించి, కింద కాలువలు తీస్తరు. చెరువు కింది పొలంలో వచ్చిన పంటతో గుడికి దీపం, పూజారికి బియ్యం, సామంతుడికి పన్ను. చెరువు బాగోగులు చూసినోళ్లకు దశబంధం అని మాన్యం ఇచ్చేటోళ్లు. రామప్ప చెరువు, లక్నవరం, పాఖాల, గణపురం నాలుగూ ఇట్ల పుట్టినవే. మహబూబాబాద్ మిత్రులకు బయ్యారం చెరువు తెలుసు. దాన్ని కట్టించింది గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ. దానికి ధర్మకీర్తి సముద్రం అని పేరు పెట్టింది. ఆమె వేయించిన బయ్యారం శాసనంలోనే కాకతీయుల వంశావళి వెన్న నుంచి వరుసగా దొరుకుతది. పోటీ పరీక్షల్లో దీని మీద ప్రశ్న రాని ఏడాది తక్కువ.

మరి ఈ చెరువులు ఎక్కడ తవ్వినరు? మైదానంలో కాదు, అడవి అంచున. అడవి కొట్టి, ఊరు పెట్టి, చెరువు కట్టి, దున్నే రైతును తెచ్చి దింపుడు కాకతీయుల రాజ్యం పెరిగిన తీరు. మాకు గుళ్లు చూపించిన గైడు అన్న బాగా చెప్పిండు, ఓపికగా చెప్పిండు. కానీ ఒక్క మాట మాత్రం మాకు గుచ్చుకుంది. గుడి కట్టకముందు ఇక్కడ ఏమీ లేదు, వట్టి అడవే అన్నడు.

వట్టి అడవి. ఈ మాట గైడు అన్న సొంతం కాదు. పుస్తకాల్లో, సినిమాల్లో, ఆఫీసు కాగితాల్లో ఎప్పటి నుంచో నడుస్తున్న మాట. అడవి ఉంటే మనుషులు లేనట్టే అనే లెక్క. ఈ లెక్క తప్పు అని చెప్పడానికి మనం కోపం చేయనక్కర లేదు, కాకతీయుల పన్నుల పట్టికనే చాలు. గ్రూప్స్‌కు చదివేటోళ్లకు ఆ పేర్లు నోటికి వస్తయి: ఇల్లరి, పుల్లరి, దరిశనం, అప్పనం, ఉపకృతి. ఇల్లరి అంటే ఇంటి పన్ను. పుల్లరి అంటే పశువులు గడ్డి మేసినందుకు పన్ను. మేపేటోళ్లు లేకుండా మేత పన్ను ఎట్ల వసూలైతది? మనుషులు లేని అడవిలో పుల్లరి ఉండదు. రాజ్యానికి పన్ను తీసుకునే కాడ అడవి మనుషులు కనబడ్డరు, శాసనంలో పేరు రాసే కాడ కనబడలేదు.

ఆ మాట అక్కడితో ఆగలేదు. ఏడు వందల ఏళ్ల తర్వాత తెల్లోళ్ల రాజ్యంలో పల్నాడులో అదే పుల్లరి. కట్టం అని నిలబడ్డ కన్నెగంటి హనుమంతు 1922లో తూటాలకు బలయ్యిండు. ఇటు నిజాం రాజ్యంలో అడవి మీద సర్కారు పెత్తనానికి ఎదురు తిరిగిన కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చిండు. రాజులు మారిండ్రు, జెండాలు మారినయి, అడవి మేత మీద లెక్క మారలే.

ఇప్పుడు మేడారం కథను దీని పక్కన పెట్టి చూడండి. మనందరికీ తెలిసిన కథే. కరువొచ్చింది, పంట లేదు, కోయ రాజు పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోయిండు. కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చింది. సంపెంగ వాగు దగ్గర యుద్ధం. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు నేలకొరిగిండ్రు. జంపన్న వాగులో దూకిండు, అప్పటి నుంచి అది జంపన్న వాగు. సమ్మక్క గాయాలతో చిలకలగుట్ట ఎక్కి కనబడకుండా పోయింది, దొరికింది కుంకుమ భరిణె. ఊరూరికీ కొంత తేడా ఉన్నా కథకు వెన్నెముక ఒక్కటే: పన్ను. చెరువు కింద పొలం రాజ్యానికి ఏం ఇస్తదో రాయి చెప్తది. కరువులో అదే రాజ్యం పన్ను అడిగితే అడవిలో ఏమైతదో కథ చెప్తది. రెండూ ఒక్క రాజ్యం గురించే, రెండు వైపుల నుంచి.

కాకతీయ శాసనాల్లో ఈ యుద్ధం ఊసు లేదు కాబట్టి ఇది వట్టి కథ అనేటోళ్లు ఉంటరు. వాళ్లతో కొట్లాడే ముందు శాసనం అంటే ఏందో తెలుసుకోవాలె. శాసనం ఒక దానపత్రం. ఎవరిచ్చిండ్రు, వాళ్ల తాత ముత్తాతలు ఎవరు, ఏ దేవుడికి ఎంత భూమి, ఏ తిథి నాడు, దీన్ని చెడగొడితే ఏం పాపం, ఇంతే ఉంటది. రాళ్లు చెక్కిన వడ్డెరోళ్ల పేర్లు, కట్ట మీద మట్టి తట్టలు మోసిన ఆడోళ్ల పేర్లు అందులో రాయరు. రామప్ప గుడిని జనం పిలిచేది చెక్కిన శిల్పి పేరుతోనని చెప్పుకుంటరు. ఆ పేరును కాపాడింది రాతి కాదు, జనం నోరే.

జనం నోట్లో ఆ రోజుల్లో పాటలు తక్కువ ఉన్నయా? జనగామ మిత్రులు గర్వంగా చెప్పుకునే పాల్కురికి సోమనాథుడు మన పాలకుర్తి వాడే. ఆయన పండితారాధ్య చరిత్రలో జనం పాడుకునే తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, పర్వత పదాల పేర్లు చెప్పిండు. పేర్లు మిగిలినయి, ఆ పాటలు మిగలలే. ఎందుకంటే ఎవరూ రాసుకోలే. కానీ కోయల్లో డోలి వాయించుకుంటూ, పడిగె బట్ట మీద బొమ్మలు చూపిస్తూ, గోత్రాల కథ పాడే డోలోళ్లు ఇప్పటికీ ఉన్నరు. పగిడిద్దరాజును మేడారం జాతరకు తీసుకొచ్చేది మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం పూనుగొండ్ల నుంచి. గోవిందరాజు కొండాయి నుంచి, సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తరు. రెండేళ్లకోసారి ఆ దారి నడుస్తున్నరంటే అది కూడా ఒక శాసనమే. రాతి మీద కాదు, కాళ్ల మీద.

ఇంకో లెక్క చూడండి. 1914లో నిజాం సర్కారు పురావస్తు శాఖ పెట్టింది. దాని పెద్ద గులాం యాజ్దానీ 1922లో పాలంపేట గుళ్ల మీద పుస్తకం అచ్చేయించిండు. మంచి పని. కానీ అదే సర్కారు ఈ అడవుల్లోని మనుషుల బతుకు ఏందో చూడమని హైమెండార్ఫ్ దొరను పంపింది ఎప్పుడు? భీం చనిపోయినంక, 1940ల్లో. రాయి పగిలితే ఆఫీసు వచ్చింది. మనిషి సంగతి చూడడానికి మాత్రం తిరుగుబాటు కావాల్సి వచ్చింది.

గోర్ బంజారా మిత్రులు ఒక మాట అడిగిండ్రు: ఈ కథలో మా వాళ్లు ఎక్కడ అని. లంబాడోళ్లు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోస్తూ మొగలుల దండుల వెంట దక్కన్‌కు దిగేటప్పటికి ఈ గుళ్లు పాతబడి పోయినయి. కాకతీయ రాజ్యం 1323లోనే పడిపోయింది. కాబట్టి బంజారా చరిత్రను గుడి గోడల మీద వెతకొద్దు, బండి బాటల్లో, తండాల పేర్లలో వెతకాలె. ఎవరి చరిత్ర ఎక్కడ ఉందో అక్కడ వెతుక్కోవడమే సరైన పని. గుడిలో మన వాటా లేదని కుమిలిపోవుడు, కాకతీయులు కూడా మనోళ్లే అని లేని చుట్టరికం కలుపుకొనుడు, రెండూ మనకు అక్కరలేదు.

బండిలో నడిచిన పంచాయితీకి మేము ఇచ్చే జవాబు ఇదే. కోటగుళ్లకు పోవాలె. రాజును మెచ్చుకోవడానికి కాదు, తిట్టడానికీ కాదు. ఆ గుడి వెనుక చెరువు, చెరువు వెనుక పన్ను, పన్ను వెనుక అడవి ఉందని కళ్లతో చూడడానికి. ఆ చివరి మెట్టు ఏ గైడూ చూపించడు, ఎందుకంటే ఎవరూ రాసి ఇయ్యలే.

పోవాలనుకునేటోళ్లకు అర పూట సరిపోతది. పొద్దున్నే రామప్పలో శాసనం రాయి చూసి, అటు నుంచి గణపురం రండి. కోటగుళ్లు గంటన్నర, చెరువు కట్ట అర గంట. నీళ్ల సీసా, టోపీ, నోటుబుక్కు మర్చిపోవద్దు. పడిపోయిన రాళ్ల మీద ఎక్కొద్దు, బొమ్మల మీద చేతులు రుద్దొద్దు, పేర్లు చెక్కొద్దు. గైడు అన్నను మర్యాదగా ఈ నాలుగు ప్రశ్నలు అడగండి: ఈ రాయి ఎక్కడి నుంచి తెచ్చిండ్రు? చెరువు కింద మొదట దున్నిందెవరు? ఈ చుట్టుపక్కల కోయ గూడేలు, నాయకపోడు గూడేలు ఎక్కడ ఉన్నయి, అక్కడోళ్లు ఈ గుడిని ఏమని పిలుస్తరు? గుడి పడిపోయినంక ఇన్ని వందల ఏళ్లు దీని చుట్టూ ఎవరు ఉన్నరు? జవాబు రాకపోతే గైడును చిన్న చేయొద్దు. ఆ జవాబు తెచ్చే బాధ్యత మనదే.

ములుగులో సమ్మక్క సారక్క పేరు మీద కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబర్‌లో పార్లమెంటు ఒప్పుకుంది. అక్కడ మన గురించి రేపు ఎవరో పరిశోధన చేస్తరు. అప్పటిదాకా డోలి పాడే తాతలు ఉంటరో లేదో. అందుకే ఈ సెలవుల్లో ఒక్కొక్కరం ఒక పని చేద్దాం. మీ ఊరి చెరువు పేరు, దాన్ని కట్టిన కథ, మీ గూడెం లేదా తండా అక్కడికి ఎప్పుడు ఎట్ల వచ్చిందో అవ్వనో తాతనో అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. చెప్పినోళ్ల పేరు, ఊరు, తేదీ తప్పకుండా ముందే చెప్పించండి. వాళ్లు వద్దంటే గ్రూపుల పెట్టొద్దు, మీ దగ్గర దాచుకోండి. వచ్చిన వాటిని జిల్లాల వారీగా ఒక చోట పెడతం.

వచ్చే చలికాలం మళ్లీ కోటగుళ్లకు పోదామని అనుకుంటున్నం. ఈసారి గుడి దగ్గర గైడు అన్న చెప్తడు, చెరువు కట్ట మీద మనలో ఒకరు చెప్పాలె. ఎవరు ముందుకొస్తరో కింద పేరు రాయండి.

జోహార్.