ఇందూరులో విశ్వాసానికి పడిన శిక్ష (1937–1948)

నిజాం ఏలుబడిలో సభ పెట్టాలంటే సర్కారు ఇజాజత్ (అనుమతి) కావాలి. సభలను కట్టడి చేసిన గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు జనం నోటికి తాళం వేసింది. అలాంటి రోజుల్లోనే, 1937లో, మందుముల నరసింగరావు అధ్యక్షతన ఆరవ ఆంధ్ర మహాసభ నిజామాబాద్‌లో (ఇందూరులో) జరిగింది. నిజాంసాగర్ నీళ్లతో చెరకు సాగు పెరిగి, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలుస్తున్న కాలమది. పంట పండింది గాని, మాటకూ పూజకూ స్వేచ్ఛ రాలేదు.

1938లో నిర్బంధం ముదిరింది. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను పుట్టకముందే నిషేధించారు. వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను వెళ్లగొట్టారు. ఆర్యసమాజీయులు మందిరం కట్టుకోవాలన్నా, హోమగుండం పెట్టుకోవాలన్నా, ధర్మప్రచారం చేయాలన్నా ఆంక్షలే. ఆ డిసెంబరులో ఉద్గీర్ ఆర్యసమాజ నాయకుడు శ్యామలాల్ బీదర్ జైల్లో కన్నుమూశారు. షోలాపూర్ ఆర్య మహాసమ్మేళనం తర్వాత నారాయణస్వామి నాయకత్వంలో సత్యాగ్రహం మొదలైంది. దేశం నలుమూలల నుంచి జట్లుజట్లుగా వచ్చినవారితో నిజాం జైళ్లు నిండాయి. నిజామాబాద్ ఆర్యసమాజ కార్యకర్త రాధాకృష్ణ మోదాని 1939లో హత్యకు గురయ్యారు. సర్కారు సంస్కరణలు ప్రకటించాక, ఆ ఆగస్టులో సత్యాగ్రహాన్ని విరమించారు.

1947 నాటికి పోరాటం పూజాస్వేచ్ఛను దాటి, భారత యూనియన్‌లో విలీనం దాకా వచ్చింది. నిజాం పక్షాన నిలిచిన సాయుధ రజాకార్లు పల్లెల మీద విరుచుకుపడ్డారు. ఇందూరు ఖిల్లా జైల్లో కవి దాశరథి కృష్ణమాచార్య, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి కలిసి బందీలుగా ఉన్నారు. కాగితం, కలం దొరకని చోట దాశరథి బొగ్గుతో గోడ మీద కవిత్వం రాశారు. వట్టికోట జైలు బతుకులను కథలుగా మలిచారు. 1949లో వెలువడ్డ కవితా సంపుటి ‘అగ్నిధార’ను దాశరథి ఆ జైలు సహచరుడికే అంకితమిచ్చారు.

నిర్బంధం ఒక్క మతాన్నే వెతుక్కోలేదు. రజాకార్లను ఎదిరించి రాసిన ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో నరికి చంపారు. ఎదురు చెప్పిన ప్రతి మనస్సాక్షీ పాలకులకు శత్రువే అయింది. సెప్టెంబరు 17న ఆ పాలన ముగిసింది.

విశ్వాసానికి ఇలాంటి శిక్ష అంతకుముందు వియత్నాంలోనూ పడింది. 1833లో మిన్ మాంగ్ చక్రవర్తి క్రైస్తవాన్ని నిషేధించాడు. శిలువను తొక్కితే ప్రాణం దక్కుతుందన్నా తొక్కనివారు తలలిచ్చారు. వేర్వేరు కాలాల్లో అలా బలైన 117 మందిని 1988 జూన్ 19న పోప్ రెండవ జాన్ పాల్ పునీతులుగా ప్రకటించారు. వారిలో 96 మంది వియత్నామీయులే. పేరు తెలియని వేలమందినీ అక్కడి కాథలికులు నవంబరు 24న వారితోపాటే తలచుకుంటారు.

ఆ శ్రద్ధ మనకూ కావాలి. ఖిల్లా జైలు చూసి దాశరథికి దండం పెట్టి వచ్చేస్తే చాలదు. ఇందూరు, బోధన్ పల్లెల్లో దెబ్బలు తిన్నవారి, జైలుకు పోయినవారి, ప్రాణాలిచ్చినవారి పేర్లు ఊరూరా సేకరించి పుస్తకానికెక్కించాలి. ఆ కాలం ఎరిగిన పెద్దలు కొద్దిమందే మిగిలారు. ఉపాధ్యాయులు, గ్రంథాలయాలు, చదువుకునే పిల్లలు ఈ పనిని ఇప్పుడే చేపట్టాలి.